బాత్రూంకి వెళ్లొచ్చిన పెద్దాయన

సినిమా నచ్చలేదని చెప్పే హక్కు ప్రేక్షకుడికి ఉంది. కాకపోతే ముందు ఒక పరీక్ష పాసవ్వాలి. ప్రశ్న ఒక్కటే: "నవల చదివారా?" చదవలేదంటే నోరు మూసుకోవాలి. చదివానంటే ఇంకా ప్రమాదం, "ఎవరి అనువాదం?" అంటారు. మూలంలోనే చదివానని చెప్పి చూడండి, "అందుకే మీకు సినిమా ఎక్కలేదు" అంటారు.

హంగేరీ దర్శకుడు బేలా టార్ అదే పేరున్న నవల ఆధారంగా 1994లో తీసిన 'సాతాన్‌టాంగో' పెద్ద తెర మీద వేస్తున్నారంటే వెళ్లాను. ఏడు గంటలు దాటిన నలుపు తెలుపు సినిమా. అంతా కలిపితే 150 షాట్లు ఉంటాయేమో, మామూలు సినిమాలో ఒక్క ఫైటుకే అన్ని ఖర్చయిపోతాయి. మొదటి షాట్లో ఆవులు కొట్టంలోంచి బయటికొచ్చి, బురదలో తోచిన దారిన పోతుంటాయి. ఏడెనిమిది నిమిషాలు వాటి పక్కనే కెమెరా కూడా పోతుంది. ఆ మంద గోడ చాటుకి చేరేలోపే హాలు రెండు దేశాలైపోయింది.

ఎడమవైపు పండితులు. నవల రాసిన లాస్లో క్రస్నాహోర్కైకి 2025లో నోబెల్ వచ్చాక ఆ దేశపు జనాభా అమాంతం పెరిగింది. అందరూ 1985లో నవల అచ్చైన రోజు నుంచీ దిండు కింద పెట్టుకుని పడుకున్నవాళ్లే. నవలలో అధ్యాయానికి ఒకటే పేరా, ఎక్కడా తెగదు, అందుకే ఇక్కడ షాటూ తెగదని ఒకాయన వివరించాడు. మంచి మాట. చీకట్లో నాలుగుసార్లు చెప్పకపోతే ఇంకా మంచి మాట అయ్యేది.

కుడివైపు 'ఎడిటర్ చచ్చాడా' పార్టీ. వాళ్ల ఏడుపల్లా దర్శకుడు బంగారంలాంటి నవలని నాశనం చేశాడని. దర్శకుడితో కలిసి స్క్రీన్‌ప్లే రాసింది ఆ నవలా రచయితేనండీ అని నేను ఊరుకోలేక చెప్పాను. "అయితే ఆయనకే తన నవల అర్థం కాలేదు" అన్నారు. ఇక నేనేం మాట్లాడను?

ఈ రెండు దేశాల సరిహద్దులో, నా ముందు వరసలో ఒక పెద్దాయన కూర్చున్నాడు. షుగర్ ఉన్న మనిషి. రెండో గంటలో మెల్లగా లేచాడు. అంతే. ఎడమవైపు నుంచి ఒక నిట్టూర్పు, 'పాపం, తట్టుకోలేకపోయాడు' అన్నట్టు. కుడివైపు నుంచి ఎవరో చిన్నగా చప్పట్లు కొట్టారు. చూపు సరిగా ఆనక, కుర్చీల వీపులు పట్టుకుంటూ ఆయన తలుపు దాకా వెళ్లేసరికి, ఒక పక్క కళాద్రోహి, ఇంకో పక్క స్వాతంత్ర్య సమరయోధుడు అయిపోయాడు. అయిదు నిమిషాల్లో చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు. కుడివైపు ఒక్కసారిగా నీరుగారిపోయింది. ఎడమవైపు అంతకంటే ఘోరం: ఆయన మారుమనసు పొంది వచ్చాడనుకుని ఒకావిడ లేచి దారిచ్చి, "కష్టమే, కానీ వదలకండి" అని ధైర్యం చెప్పింది. ఆయనేమో "బల్బు పోయిందమ్మా లోపల, ఎవరికైనా చెప్పండి" అన్నాడు. ఆవిడ చాలాసేపు ఆలోచనలో పడింది. బల్బు దేనికి ప్రతీకో.

సరే, నవ్వుకున్నాం. కానీ ఎష్టికె వచ్చింది.

చిన్నపిల్ల. పాతిపెడితే డబ్బుల చెట్టు మొలుస్తుందని నమ్మించి ఆ పిల్ల చిల్లర సొంత అన్నే కాజేస్తాడు. తనకంటే బలహీనమైనది పిల్లి ఒక్కటే కాబట్టి దాన్ని చంపుతుంది. చచ్చిన పిల్లిని చంకలో ఇరికించుకుని వానలో నిలబడి, కిటికీలోంచి సారాకొట్టులోకి చూస్తుంది. లోపల ఊళ్లో పెద్దలంతా తాగి అకార్డియన్‌కి గెంతుతున్నారు. ఒక్కడికీ ఆ పిల్ల కనిపించదు. ఆ తర్వాత ఎలుకల మందు మింగుతుంది.

ఆ మొహం తెర నిండా ఉంటే, నా ఎడమపక్కనున్నవాడు ఏం చేస్తున్నాడో తెలుసా? వాచీ చూస్తూ షాటు ఎన్ని నిమిషాలైందో లెక్కపెడుతున్నాడు. కుడిపక్కవాడు ఫోను వెలిగించి 'నత్తకి లైసెన్సిస్తే ఇలాగే నడుపుతుంది' అని టైపు చేసి, నవ్వు బొమ్మ ఏది పెట్టాలో వెతుక్కుంటున్నాడు. ఆ వెలుగు నా కళ్లలో. ఒరేయ్, కట్టేయండ్రా ఆ ఫోన్లు! పిల్ల చచ్చిపోతోంది అక్కడ! నచ్చకపోతే లేచి వెళ్లిపోండి, నిద్రొస్తే పడుకోండి, గురక పెట్టినా నాకు కోపం లేదు. నిద్రపోయేవాడికి కనీసం తన గొప్ప చాటుకునే పని లేదు. చూడనందుకు ఒకడికి తెలివితేటలు, చూసినందుకు ఒకడికి తెలివితేటలు. ఆ పిల్లని చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. సారాకొట్టులోనూ లేడు, ఇక్కడా లేడు.

కథలో తర్వాత ఇరిమియాష్ అనేవాడొచ్చి, ఆ పిల్ల శవం దగ్గర నిలబడి గొప్ప ఉపన్యాసం దంచి, ఊరివాళ్ల దగ్గర డబ్బులు దండుకుపోతాడు. మా దగ్గర డబ్బులు అడగలేదు గానీ, సినిమా అయ్యాక చర్చ పెట్టారు. మైకు ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి నలభై నిమిషాలు తిరిగింది. నవలకి న్యాయం జరిగిందా, సహనం కళాగుణమా, ఆవుల షాటులో సగం కోసేయొచ్చా.

చివర్లో మైకు ఎలాగో పెద్దాయన చేతికొచ్చింది. "మధ్యలో రెండోసారి కూడా బయటికెళ్లానండీ, అక్కడ కొంచెం తప్పిపోయింది" అన్నాడు మొహమాటపడుతూ. "ఆ పాప ఎందుకు చనిపోయింది?"

హాలంతా తల తిప్పి ఆయన్నే చూసింది. వేదిక మీదున్నాయన కళ్లజోడు సవరించుకుని, చాలా ఓపికగా అడిగాడు:

"మీరు నవల చదివారా?"