మార్కులు 77, అయినా ఫెయిలే

మా ఆఫీసులో ఇంకో ట్రైనింగ్ పెట్టారండీ. దేశ సంస్కృతికీ నాలెడ్జ్ మేనేజ్‌మెంటుకీ, అంటే ఒకడికి తెలిసింది ఆఫీసులో నలుగురికీ అందేలా చూడటానికీ, సంబంధం అట. స్లైడు మీద పవర్ డిస్టెన్స్ మార్కులు, అంటే పైవాడి అధికారానికి ఎంత తలొగ్గుతామన్న లెక్క, వేశారు, ఇండియా 77, అమెరికా 40. అంటే మనం బాస్ ముందు నోరు విప్పం, తెలిసింది ఎవరికీ చెప్పం, పుట్టుకే అంతన్నమాట.

ఈ మార్కులు హాఫ్‌స్టెడ్ అనే డచ్చాయన 1967 నుంచి 1973 దాకా ఐబీఎం ఉద్యోగుల మీద చేసిన సర్వేల్లోంచి తీసినవి. ఒక్క కంపెనీ వాళ్ళని అడిగి దేశం మొత్తానికి మెమో ఇచ్చేశారు. ఆ ఐబీఎం 1978లో మూటాముల్లె సర్దుకుని ఇండియా నుంచి వెళ్ళిపోయింది, 1992లో టాటాల చెయ్యి పట్టుకుని తిరిగొచ్చింది కూడా, 77 మాత్రం అలాగే ఉంది. ఇంటర్ మార్కులకైనా రీవెరిఫికేషన్ ఉంటుంది కదా, దీనికి అదీ లేదు.

సరే, మన జబ్బుకి మందు పోర్టల్, తెలిసిందంతా రాసిపెట్టే ఆఫీసు వెబ్‌సైటన్నమాట. క్వార్టర్‌కి ఇన్ని ఆర్టికల్స్ రాయాలి, అప్రైజల్లో చూస్తారు. ఇంకేముంది, ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దారి వీపీఎన్ కనెక్ట్ అవ్వకపోతే ఏం చెయ్యాలో తలా ఒకటి రాసిపడేశారు, అది చదవాలంటే ముందు వీపీఎన్ కనెక్ట్ అవ్వాలి. రాసినవాళ్ళకి బ్యాడ్జీలు కూడా ఇచ్చారు.

రిలీజ్ రాత్రి సర్వర్ పడిపోతే మాత్రం పోర్టల్ మొహం ఎవడూ చూడడు. "అన్నా, పోయినసారి ఏం చేశావ్?" అని ఫోన్. ఆ అన్న బావమరిది పెళ్ళిలో విస్తరి ముందు కూర్చుని, ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని, "స్పేస్ కొట్టు, హైఫన్, చిన్న ఎఫ్ రా బాబూ, పెద్దది కొట్టావంటే మొత్తం పోద్ది, గారెలు చాలండీ, నీక్కాదురా, ఎంటర్ కొట్టు" అంటుంటాడు, వడ్డించేవాడు కూడా బకెట్ పట్టుకుని సర్వర్ లేచిందో లేదో అని అక్కడే నిలబడిపోతాడు. ఇది నాలెడ్జ్ షేరింగ్ కిందకి రాదట, పోర్టల్లో లేదు కదా.

మనవాళ్ళు నోరు విప్పని చోటు ఒకటుంది, ఒప్పుకుంటా. ప్రాజెక్టు వేరే ఊరికి తరలిపోతోందని తెలిశాక జరిగే కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, పని కొత్తవాళ్ళకి అప్పజెప్పడం. ఇంటి మీద ఈఎంఐ ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి, రికార్డింగ్ ఆన్ చేసి, నీకు తెలిసిందంతా కక్కు, కక్కాక హెచ్ఆర్ మాట్లాడతారు అంటే వాడు దాచుకోడా? దాచుకుంటాడు! తినే కంచం లాక్కుంటూ చెయ్యి ఎందుకు బిగించావని అడుగుతారా, పైగా దానికి సంస్కృతి అని పేరు పెడతారా, సిగ్గుండక్కర్లా?

2015లో ఓర్లాండోలో డిస్నీ టెక్ ఉద్యోగుల గొడవ పేపర్లకెక్కింది. తమ సీట్లోకి రాబోయేవాళ్ళకి, ఇండియా నుంచి హెచ్1బీ మీద వచ్చినవాళ్ళకి, ఆ పాత ఉద్యోగులచేతే పని నేర్పించి వాళ్ళని ఇంటికి పంపారు. నేర్పేవాళ్ళ మార్కులు 40, కడుపుమంట మాత్రం అచ్చం మనదే. ఆ గదిలో ఏ స్లైడు వేశారో మరి!