రాజుగారి తీరపు దారికి ఒక అర్జీ

మహారాజశ్రీ మూడో చార్లెస్ రాజుగారి ఇంగ్లాండ్ తీరపు దారి గారి సముఖానికి,

విషయం: సముద్రం నేలను కోసేసినప్పుడు తమరికి ఉన్నట్టే నాకూ కాస్త వెనక్కి జరిగే సౌకర్యం కల్పించమని విన్నపం.

అయ్యా,

మా వైపు ఒకప్పుడు ఏ ఉత్తరమైనా "మహారాజశ్రీ" అనే మొదలయ్యేది. తాలూకా ఆఫీసు గుమాస్తాకి రాసినా, పిల్లనిచ్చిన మామగారికి రాసినా అదే మర్యాద. మీ విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం. 2023లో పట్టాభిషేకం పేరు చెప్పి, ఇంగ్లాండ్ సముద్రతీరం వెంట సాగే కాలిబాటైన మీకు రాజుగారి పేరు పెట్టారు. పెట్టక ముందు గొర్రెల పెంటికల మధ్య బురదలో ఉన్నారు, పెట్టాక కూడా అక్కడే ఉన్నారు. అయినా మీ హోదా తక్కువది కాదు. పొడవు 2,700 మైళ్ళు, అంటే 4,300 కిలోమీటర్ల పైచిలుకు. చిన్నప్పుడు 974 కిలోమీటర్లని మేం బట్టీ పట్టిన ఆంధ్రా తీరాన్ని మీలో నాలుగుసార్లు పరవచ్చు.

ఇక నా పరిచయం. కాకినాడ పక్కనుంచి వచ్చాను. లండన్‌లో ఎమ్మెస్సీ చదివి, డిసర్టేషన్ అప్పజెప్పి, కోర్సు తర్వాత వీసాలో మిగిలే నాలుగు నెలల మీద కాలం గడుపుతున్నాను. ఇన్నాళ్ళూ నాకు తెలిసిన ఇంగ్లాండ్ అంటే గది, క్లాసు, గోడౌన్ షిఫ్టు. రేపు ఊళ్ళో ఎవరైనా "ఇంగ్లాండ్ ఎలా ఉందే" అని అడిగితే గోడౌన్ గురించి చెప్పలేను కదా! అందుకని రైలెక్కి దక్షిణ తీరంలోని సీఫర్డ్‌లో దిగి, ఈస్ట్‌బోర్న్ దాకా మీ మీద నడిచాను. ఇరవై కిలోమీటర్ల పైమాటే. రూమ్మేట్లని రమ్మంటే ఒకరికి షిఫ్టు, ఒకరికి ఇంటర్వ్యూ టెన్షన్, ఒకరికి నడవడానికి డబ్బులిచ్చి రైలెక్కడమేంటన్న ధర్మసందేహం. దాంతో ఒక్కదాన్నే బయల్దేరాను. అమ్మ మాత్రం ఫోన్లో "ఒక్కదానివే ఆ కొండ అంచున ఏం పనే నీకు? అంచు దగ్గరికి వెళ్ళకు. ఫోటోలు మాత్రం అంచునుంచే తియ్యి, సముద్రం కనపడాలి" అంది.

ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలి. ఈ దేశంలో నన్ను కాగితం అడగని మొదటి సంస్థ మీరే. ఇల్లు అద్దెకి కావాలన్నా వీసా ఉందని ఆన్‌లైన్లో చూపించే షేర్ కోడ్, ఉద్యోగం కావాలన్నా షేర్ కోడ్. ఇంకొన్నాళ్ళుంటే కలలో యముడు కూడా షేర్ కోడ్ అడిగేలా ఉన్నాడు. మీ గేటు దగ్గర మాత్రం ఒక్కటే షరతు, వెళ్ళాక గొళ్ళెం వెయ్యాలి. అది కూడా గొర్రెలు బయటికి పోకుండా. మనుషులు ఎటు పోయినా మీకు పట్టింపు లేదు. పైగా మీకూ సముద్రానికీ మధ్య ఉన్న నేల మీద చాలాచోట్ల జనం కూర్చోవచ్చు, తినొచ్చు, నడుం వాల్చొచ్చు. దానికి "స్ప్రెడింగ్ రూమ్" అని పేరు కూడా ఉందట. తూర్పు లండన్‌లో నలుగురం సర్దుకునే మా రూములో స్ప్రెడింగ్ అనే ముచ్చటే లేదు. ఒకళ్ళు సూట్‌కేసు తెరవాలంటే ఇద్దరు మంచమెక్కాలి. మీ దగ్గర పులిహోర డబ్బా తెరిచి కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను. సగం నేను తిన్నాను, సగం గాలి తింది.

కక్‌మియర్ దగ్గర మీరు నాతో ఆడిన ఆట గురించి ఒక మాట. ఏడు తెల్లటి కొండలు ఎదురుగా ఉంటాయి. చెయ్యి చాస్తే అందేలా ఉంటాయి. మధ్యలో ఒక్క చిన్న నది, అది సముద్రంలో కలిసే చోట వంతెన లేదు. ఎక్సీట్ వంతెన దాకా లోపలికి నడిచి, అది దాటి, అవతలి గట్టున మళ్ళీ అంతదూరం సముద్రం వైపు రావాలి. వీసాకి స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఉద్యోగం కూడా అచ్చం ఇంతే. లింక్డిన్‌లో ఎదురుగా నవ్వుతూ కనిపిస్తుంది. వంతెన మాత్రం ఏడాదికి 41,700 పౌండ్ల జీతం దగ్గర ఉంటుంది. కొత్తగా చేరేవాళ్ళకి కాస్త తగ్గింపు ఉంది లెండి, నది లోతు మాత్రం అదే.

ఆ ఏడు కొండల పేరు సెవెన్ సిస్టర్స్. అక్కచెల్లెళ్ళంటున్నారు కదా, మంచి పేర్లు పెట్టి ఉంటారనుకుని బోర్డు చూస్తే షార్ట్ బ్రౌ, రఫ్ బ్రౌ, బ్రాస్ పాయింట్, ఫ్లాగ్‌స్టాఫ్ పాయింట్! ఆడపిల్లలకి పెట్టే పేర్లేనా ఇవి? మాకూ ఏడుగురు అక్కచెల్లెళ్ళున్నారు. నూకాలమ్మ, మరిడమ్మ, పోలేరమ్మ అని పిలిస్తే పలుకుతారు, జాతర చేస్తే చల్లగా చూస్తారు. మీ అక్కచెల్లెళ్ళు పలకరు. ఎక్కేవాళ్ళ మోకాళ్ళతో మొక్కు తీర్పించుకుంటారు. ఒకటి ఎక్కి "హమ్మయ్య" అనేలోపే లోయలోకి దింపి ఇంకొకదాని కాళ్ళ దగ్గర పడేస్తారు. ఇంకో సంగతి. బుద్ధిగా లెక్కపెడితే ఎనిమిది గూనులు వస్తాయి. ఫ్లాట్ హిల్ అని మధ్యలో ఒకటుంది, దాన్ని లెక్కలో చెప్పరు. ఇంగ్లీషువాళ్ళకి ఇది వింతేమో గానీ మాకు కాదు. ఏడుగురు అక్కచెల్లెళ్ళున్న చోట తమ్ముడు పోతురాజు ఉండి తీరాలి. వచ్చేసారి కాస్త పసుపూ కుంకుమా తెస్తాను, వీసా ఉంటే.

కొండలు అంత తెల్లగా ఎందుకున్నాయో కూడా అక్కడే తెలిసింది. అది సుద్ద. 8 కోట్ల ఏళ్ళకు పైబడిన మాట, వెచ్చటి సముద్రంలో బతికిన కంటికి కనపడని నాచుజీవుల పెంకులు అడుగున పేరుకుని పేరుకుని రాయయ్యాయి. సముద్రం కింద పాదాన్ని తొలుస్తుంది, పైనున్నది విరిగి పడుతుంది, లోపలి తాజా సుద్ద బయటపడుతుంది. పడిపోవడం ఆగితే కొన్నాళ్ళకి గడ్డీ నాచూ పట్టి మామూలు గుట్టల్లా అయిపోతాయి. అంటే కూలుతున్నంత కాలమే తెలుపు. మా దగ్గర ఫెయిర్‌నెస్ క్రీమ్ అమ్మేవాళ్ళకి ఈ సంగతి చెప్పకండి, దాన్నీ ట్యూబులో పెట్టి అమ్ముతారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మీ జాతకం చదివాను. 2009లో వచ్చిన సముద్ర, తీర ప్రవేశ చట్టం మీకు ఒక వరమిచ్చింది. మీ కింద నేల కూలిపోతే, ఆమోదించిన ప్రణాళికలో ముందే రాసి ఉన్న చోట, మీరు లోపలికి జరగొచ్చు. ప్రకృతి సంరక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నాచురల్ ఇంగ్లాండ్ వాళ్ళు కొత్త గీత గీస్తారు. ఫైలు మళ్ళీ మొదటినుంచి మంత్రిగారి బల్ల దాకా వెళ్ళక్కర్లేదు. దీన్ని రోల్ బ్యాక్ అంటారు. ఎంత నాగరికమైన ఏర్పాటు! సముద్రం కోసేయడం మీ తప్పు కాదు కాబట్టి, శిక్ష మీకు పడకూడదని పెద్దలు ముందే ఆలోచించి పెట్టారు. మామూలుగా మీ వెడల్పు గీతకి అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు మీటర్లు. గీత జరిగితే ఆ నాలుగు మీటర్లూ దానితోపాటే జరుగుతాయి.

అయ్యా, నా కింద నేల కూడా కూలుతోంది. చదువయ్యాక పని చూసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా గడువు మాలాంటి మాస్టర్స్ వాళ్ళకి రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి పెట్టుకునే దరఖాస్తులకి 18 నెలలే. మీ సుద్ద కొండ అంచు సగటున ఏడాదికి మీటరు లోపే తరుగుతుంది. మా అంచు ఒక్క ప్రకటనతో ఆరు నెలలు ఊడిపడింది. పైగా సముద్రం మీ దగ్గర డబ్బులు తీసుకోదు. నేను వెనక్కి జరగాలంటే వీసా ఫీజు వేరు, ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు వేరు, అదీ మొత్తం ముందే కట్టాలి. ఇక్కడికి వచ్చేటప్పుడు బ్యాంకులో డబ్బు 28 రోజులు కదలకుండా ఉండాలన్నారు. ఆ 28 రోజులూ మా బాబాయి దగ్గర తెచ్చిన అప్పు కదలకుండా ఉంది, బాబాయి మాత్రం రోజూ కదిలి మా ఇంటికి వచ్చేవాడు. మిమ్మల్ని ఎవరైనా బ్యాంక్ స్టేట్‌మెంట్ అడిగారా? వేలిముద్రలు తీసుకున్నారా? పుట్టినప్పటినుంచీ ఇక్కడే పడి ఉన్నారు కాబట్టి ఇంగ్లీషు పరీక్ష లేదనుకుందాం. మీకు ప్రభుత్వ నిధులు కూడా వస్తాయి. నా వీసా షరతుల్లో ప్రభుత్వ నిధులు ముట్టుకోరాదని ఉంది.

ఆ ఏడు కొండలూ దిగాక వచ్చే బర్లింగ్ గ్యాప్‌లో టీ తాగుతూ ఇదంతా ఆలోచించాను. అక్కడ ఒక వరుస కాటేజీలుండేవి. సముద్రానికి అడ్డంగా గోడ కట్టకుండా దాని పని దాన్ని చేసుకోనివ్వడమే అక్కడి విధానం. అంచు దగ్గరికొచ్చిన కొద్దీ ఇళ్ళు ఒక్కొక్కటిగా కూల్చారు. 2013–14 శీతాకాలపు తుపాన్లు అయ్యాక కూడా ఒకటి పోయింది. దారికి రోల్ బ్యాక్ ఉంది గానీ దారి పక్కనున్న ఇంటికి లేదన్నమాట.

కానీ ఇంకాస్త ముందుకెళ్తే బెల్ టూట్ లైట్‌హౌస్. ఈయన కథ వింటే నాకు కడుపు మండిపోయింది. 1834లో డ్యూటీలో చేరాడు. కొండ మీద మరీ ఎత్తున కూర్చోవడం వల్ల పొగమంచు పడితే దీపం ఓడలకి కనిపించేది కాదు. అంటే సరిగ్గా అవసరమైనప్పుడు సెలవులో ఉండేవాడు. 1902లో కింద సముద్రంలోనే బీచీ హెడ్ దగ్గర ఇంకో లైట్‌హౌస్ కట్టి ఈయన్ని రిటైర్ చేశారు. రిటైరై దాదాపు వందేళ్ళయ్యాక, 1999లో, అంచు దగ్గరికి వచ్చేసిందని ఏం చేశారో తెలుసా? భవనం మొత్తాన్ని, దాదాపు 850 టన్నుల్ని, జాకీలతో ఎత్తి పట్టాల లాంటి దూలాల మీద 17 మీటర్లు వెనక్కి జరిపారు. గోడ పగలకుండా! మా దగ్గర రిటైరైన మాస్టారి పెన్షన్ ఫైలు ఒక బల్ల మీంచి పక్క బల్ల మీదకి జరగడానికి ఇంతకంటే ఎక్కువ కాలం, ఎక్కువ జాకీలు కావాలి. ఈయన ఇప్పుడు గదులు అద్దెకిచ్చుకుంటున్నాడు. ఉన్న ఒక్క పనీ సరిగ్గా చెయ్యనివాడికి 17 మీటర్లిచ్చారు. డిస్టింక్షన్ తెచ్చుకున్నదాన్ని, నాకు నాలుగు మీటర్లు ఎక్కువా?

మా వైపు కూడా ఈ కోత తెలియనిదేం కాదు. కాకినాడ పక్కనే ఉప్పాడ. పట్టుచీరలకి ఎంత పేరో, సముద్రం ఇళ్ళు మింగడానికీ అంతే పేరు. తుపాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు ముక్కలౌతుంది. రాళ్ళు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద జియో ట్యూబులు వరసగా పేర్చారు. సముద్రం వాటిని కూడా రుచి చూసింది. తుపాను వెలిశాక జనం దువ్వెనలు పట్టుకుని ఇసుకలో బంగారం రజను వెతుక్కుంటారు, మునిగిన గుళ్ళదీ ఇళ్ళదీ అని చెప్పుకుంటూ. అక్కడ రోల్ బ్యాక్‌కి చట్టం లేదు. వలలు, మంచం, రేషన్ కార్డు పట్టుకుని మావాళ్ళే జరుగుతారు, వెనక వీధిలో ఎవరైనా జాగా ఇస్తే. ఆ వీధి అంచుకొచ్చాక దాని వెనక వీధి. అయ్యా, ఇది మీమీద ఫిర్యాదు కాదు. కాలిబాటకి చేసిన ఆలోచనలో పావు వంతు మనిషికి చేస్తే ఎలా ఉండేదో అని, 162 మీటర్ల ఎత్తున బీచీ హెడ్ మీద నిలబడి గాలికి చున్నీ పట్టుకుంటూ అనుకున్నానంతే.

కాబట్టి తమరి దయకి నా మనవి. నన్ను తీరపు దారిలో ఒక ముక్కగా నమోదు చేయించండి. పెద్దదేం అక్కర్లేదు, సీఫర్డ్ స్టేషన్ నుంచి మొదటి మలుపు దాకా చాలు. అర్హతలన్నీ ఉన్నాయి. వానలో తడిసినా సెలవు పెట్టను. జనం నా మీదుగా నడిచి వెళ్ళడం నాకు అలవాటే, గ్రూప్ ప్రాజెక్టుల్లో ఏడాదంతా అదే పని. గొర్రెలతో గొడవ లేదు. గేటు గొళ్ళెం వెయ్యడం వచ్చు. ఒకసారి నమోదయ్యానంటే ఇక ఆ వీసా నియమాలు ఎంత కోసినా పరవాలేదు, గీత కాస్త లోపలికి జరిపితే సరిపోతుంది. మంత్రిగారికి శ్రమ కూడా ఉండదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
ప్రస్తుతానికి లండన్ వాసి.

జతపరిచినవి: పాస్‌పోర్ట్ కాపీ, షేర్ కోడ్, 28 రోజుల బ్యాంక్ స్టేట్‌మెంట్, బురద పట్టిన బూట్ల ఫోటో.

తా.క.: నిర్ణయం ఈమెయిల్లో తెలియజేస్తే చాలు. పోస్టులో పంపకండి. ఇంటి ఓనరు అద్దె పెంచాడు, ఒకటో తారీఖుకి రూము ఖాళీ చేస్తున్నాం.