చదువు అయ్యాక మొదటి రెండేళ్లు ఎవరు చూస్తారు?

నాట్యం, సంగీతం, నాటకం చదివే పిల్లలకు చివరి ఏడాదిలో కెరీర్ క్లాసులు పెట్టాలని ఒక వ్యాసంలో రాశారు. మంచి మాటే, కానీ అది చాలదండీ.

మేం ఉండేది చెన్నైలో. మా అక్క కూతురు ఇక్కడే భరతనాట్యం చదివింది. మార్గళి సీజన్‌లో, అంటే డిసెంబరు-జనవరిలో జరిగే కచేరీల సీజన్‌లో, ఒక సభవాళ్లు (కచేరీలు, నాట్య ప్రదర్శనలు పెట్టే సంస్థవాళ్లు) మధ్యాహ్నం స్లాట్ ఇచ్చారు గానీ పారితోషికం లేదు, నట్టువాంగం (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడం), పాట, మృదంగం, వయొలిన్ వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు, మేకప్, డ్రెస్సు అన్నీ ఇంట్లోవాళ్లే పెట్టుకున్నారు. అంత స్తోమత లేని పిల్ల ఏం చేస్తుంది? ఎంత ప్రతిభ ఉన్నా మానేస్తుంది.

కేంద్ర సాంస్కృతిక శాఖ 18-25 ఏళ్లవాళ్లకు నెలకు 5,000 రూపాయల స్కాలర్‌షిప్ రెండేళ్లపాటు ఇస్తుంది, ఆ వయసు దాటినవాళ్లకు నెలకు 10,000 జూనియర్ ఫెలోషిప్ ఉంది, బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ కూడా గ్రాంట్లు ఇస్తుంది. ఇవి ఉన్నాయని చాలామంది పిల్లలకు తెలియదు. తెలిసినా ప్రపోజల్, బడ్జెట్ ఎలా రాయాలో తెలీక టెన్షన్ పడి వదిలేస్తారు. అది క్లాసులోనే కూర్చోబెట్టి రాయించాలి, పారితోషికం సంగతి ముందే కాగితం మీద రాయించుకోవడం కూడా నేర్పాలి.

ఇంకొకటి, సిటీలో రిహార్సల్‌కు చోటు దొరకడం చాలా కష్టం. సాయంత్రాలు ఖాళీగా ఉండే కాలేజీ హాళ్లను పాత విద్యార్థులకు రెండేళ్లపాటు ఉచితంగా ఇవ్వాలి. టికెట్ పెట్టే సభలు కనీసం పక్కవాద్యాల ఖర్చయినా భరించాలి.