అట్ట నలిగిన కామిక్‌కే రేటెక్కువ ఉండాలి

మొన్నామధ్య బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్టు ముందు నిలబడి ఉంటే ఒక కుర్రాడొచ్చాడు, ఇంజనీరింగ్ చదువుతున్నట్టున్నాడు, గుట్టలోంచి ఒక అమర్ చిత్రకథ పైకి లాగి "అన్నా, ఇది మింట్ కండిషనేనా" అనడిగాడు, అంటే ఎవరూ ముట్టుకోని కొత్తదానిలా ఉందా అని. కొట్టాయన తలెత్తకుండానే "మింటో పెప్పరమెంటో నాకు తెలీదు బాబూ, అరవై రూపాయలిచ్చి పట్టుకెళ్ళు" అన్నాడు. కుర్రాడు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, లోపల ఎవరో బాల్ పెన్నుతో పేరు రాసుకున్నారని అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు. నేను కొనుక్కున్నా. పేరు ఒక్కటే కాదు, కింద "ఈ పుస్తకం దొంగిలించిన వాడు గాడిద" అని కూడా రాసుంది మరి, అరవై రూపాయలకి అంతకన్నా ఏం కావాలి.

ఆ కుర్రాడిని తప్పు పట్టట్లేదు. వాడు యూట్యూబ్‌లో చూసే కలెక్టర్లంతా అమెరికా వాళ్ళు, అక్కడ కామిక్‌ని ఒక కంపెనీకి పంపితే పదికి ఇన్ని అని మార్కులేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలేసి పంపిస్తారు, ఇంక జన్మలో దాన్ని తెరవకూడదు. 1938లో పది సెంట్లకి అమ్మిన సూపర్‌మ్యాన్ మొదటి కథ ఉన్న పుస్తకం, పదికి 8.5 మార్కులు తెచ్చుకున్న కాపీ ఒకటి, 2024లో 60 లక్షల డాలర్లకి పోయింది, మన లెక్కలో యాభై కోట్లు. అయితే దానికంత రేటు ఎందుకొచ్చిందో చూస్తే నవ్వొస్తది. రెండు లక్షల దాకా అచ్చేస్తే వంద దాకానే మిగిలాయని అంచనా, ఎందుకంటే పిల్లలు చదివి చించేశారు, చించకుండా మిగిలినవి రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితాలు పోగుచేసినప్పుడు తూకానికి పోయాయి. అంటే అక్కడ కూడా కథంతా పాత పేపర్ల వాడి చుట్టూనే తిరిగిందన్నమాట.

నా గొడవ ఏంటంటే ఈ మార్కుల పద్ధతి మన పుస్తకాలకి అస్సలు నప్పదు. గుంటూరు బ్రాడీపేటలో మా చిన్నప్పుడు ఒక కామిక్ బతుకు ఎట్లా ఉండేదో చెప్తాను. లైన్లో ఎవరో ఒకళ్ళింట్లో కొంటారు, ఆ ఇంటి పిల్లలు చదివే లోపే పక్కింటోళ్ళు వచ్చి కూర్చుంటారు, వారానికి అది నాలుగు ఇళ్ళు దాటేసి అసలు కొన్న వాళ్ళకి తిరిగొచ్చేసరికి అట్ట ఉండదు. ఇంకోపక్క అద్దె పుస్తకాల కొట్టు, వాడు కొత్త పుస్తకం రాగానే చేసే మొదటి పని అట్టకి ఇంకో అట్ట అంటించి, పిన్నులు పీకి దారంతో కుట్టి, మధ్యలో పేజీకో రబ్బరు స్టాంపు కొట్టడం, అదీ సరిగ్గా హీరో మొహం మీద. ఎండాకాలం సెలవులు అయిపోయాక మిగిలిందంతా కిలోల్లెక్కన అమ్మేస్తే సాయంత్రానికి మిరపకాయ బజ్జీల పొట్లంగా మళ్ళీ మనింటికే వచ్చేది. ఒకసారి పొట్లం విప్పితే కామిక్ హీరో ఫాంటమ్ నూనెలో మునిగి కనపడ్డాడు, బజ్జీ తిని ఆ రెండు పేజీలు ఎండలో ఆరబెట్టి చదివిన సంగతి మా అన్నయ్య ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలకి చెప్పి నా పరువు తీస్తుంటాడు.

ఇన్ని చేతులు మారిన చోట "ఎవరూ ముట్టుకోని కాపీ" దొరికిందంటే అర్థం ఏంటి? ఆ ఇంట్లో పిల్లలు లేరనో, ఉన్నా చదవనివ్వలేదనో. దానికి ఎక్కువ రేటివ్వడం నాకైతే న్యాయంగా అనిపించదు.

చందమామని కూడా నేను కామిక్స్ ఖాతాలో వేస్తుంటే కొంతమంది గట్టిగా ఒప్పుకోరు, అది కథల పత్రిక, కామిక్ కాదు అంటారు. టెక్నికల్‌గా వాళ్ళదే కరెక్ట్. కానీ బేతాళ కథ అనగానే భుజాన శవం, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ ముందు గుర్తొస్తుందా కథ గుర్తొస్తుందా? ఆ బొమ్మ గీసిన శంకర్ గారు 2020లో పోయినప్పుడు సగం ఆంధ్రా తన బాల్యం పోయినట్టు పోస్టులు పెట్టింది, కథ రాసింది ఎవరో చాలామందికి తెలీదు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన పత్రికే గానీ దాన్ని నడిపిన చక్రపాణి గారిది మన తెనాలి, దశాబ్దాలపాటు దాని భాషని దిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గారిదీ తెనాలే, అందుకే ఆ వాక్యాల్లో మన పక్క నీళ్ళు తగులుతాయని నా నమ్మకం (గుంటూరోడిని కదా, ఆ మాత్రం పక్షపాతం ఉంటది). వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు ఫ్రేం కట్టించుకోవడానికి అట్టలు మాత్రం చింపి అమ్మే బేరగాళ్ళున్నారు, వాళ్ళ మీద మాత్రం నాకు కోపమే.

సరే, సేకరించడంలో ఆనందం ఎక్కడుంది? కొనడంలో కాదు, ఆన్‌లైన్లో డబ్బు పారేస్తే రాత్రికి రాత్రి వంద పుస్తకాలొస్తాయి. నాకు తెలిసి ఆ ఆనందం ఖాళీలో ఉంది. అమర్ చిత్రకథనే తీసుకోండి, 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన సిరీస్, కానీ కృష్ణుడి పుస్తకం నంబరు 11. మరి ఒకటి నుంచి పది ఏమయ్యాయి అని మా బాబాయ్‌ని చంపుకు తినేవాణ్ణి, ఆయనకీ తెలీదు. ఎన్నో ఏళ్ళకి తెలిసింది, ఆ మొదటి పదీ మన పురాణాలు కావు, పాశ్చాత్య పిల్లల కథలు. అలాగే తొలి ముద్రణల్లో ఫుల్ కలర్‌కి డబ్బుల్లేక పసుపు, నీలం, ఆకుపచ్చతోనే లాగించేశారు, ఆ మూడు రంగుల కాపీ పక్కన ఇప్పటి గ్లాసీ కాపీ పెట్టి చూస్తే ఒకే బొమ్మ రెండు వేర్వేరు ఊళ్ళల్లో జరిగినట్టుంటది. ఇట్లాంటి తేడా పట్టుకున్న రోజు అన్నం సహించదు, ఎవరికైనా చెప్పాలి, ఇంట్లో వాళ్ళు వినరు.

ఇంద్రజాల్ కామిక్స్‌లో ఇంకా తమాషా. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు 1964 నుంచి 1990 దాకా వేశారు, ఎనిమిది వందలు దాటిన సంచికలు. ఫాంటమ్ ఉండే దేశం పేరు అసల్లో బెంగాలా, మన బెంగాల్‌తో గందరగోళం అవుద్దని డెంకాలీ చేశారు, సింగ్ అనే సముద్రపు దొంగల ముఠాని సింగా అని మార్చారు. నేనైతే మొదటిసారి అమెరికా ఒరిజినల్ చూసి అచ్చుతప్పు అనుకున్నా. చిన్నప్పుడు డిక్షనరీ ముందు పెట్టుకుని చదివిన నాకు ఇంగ్లీషు నేర్పింది స్కూలు కాదు, డెంకాలీ అడవే.

ఇప్పుడు నా వాదనకి నేనే అడ్డం తిరగాల్సిన చోటుకొచ్చాం. చిరుగుల్ని ప్రేమించడం బాగానే ఉంటది గానీ నీళ్ళు ప్రేమించవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్ళల్లో ఉంది, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయింది. సింగ్ నగర్లో ఉండే నా ఫ్రెండ్ ముప్పై ఏళ్ళ పాటు పోగేసిన రెండు ట్రంకు పెట్టెలు మంచం కింద ఉండిపోయాయి, పిల్లల్ని, అమ్మని పడవెక్కించే తొందర్లో కామిక్స్ ఎవరికి గుర్తొస్తాయి. నీళ్ళు తీశాక పెట్టె తెరిస్తే పేజీలన్నీ కలిసి ఇటుకల్లా అయిపోయాయి. వాడు వాటిని పారెయ్యలేదు, చాలా రోజులు డాబా మీదే పెట్టుకున్నాడు, మేం వెళ్ళినప్పుడు ఆ వైపు చూడకుండా మాట్లాడేవాళ్ళం.

వరద రాకపోయినా మన వాతావరణమే చాలు. నాసిరకం న్యూస్‌ప్రింట్‌లో ఉండే చెక్క పదార్థం గాలి, వెలుతురు తగిలి పసుపెక్కి పెళుసుబారుద్ది, బెజవాడ ఎండకీ ఉక్కకీ ఆ పని ఇంకా స్పీడుగా జరుగుద్ది, పిన్నులు తుప్పు పట్టి మధ్య పేజీలు ఊడిపోతాయి, సెలోటేపు వేస్తే ఆ టేపు జిగురే మరక. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయేమో గానీ చెదలు వాటిని లెక్కచెయ్యవు. అందుకే పీడీఎఫ్‌లు చేసి పెట్టే వాళ్ళని దొంగలు అనడానికి నాకు నోరు రాదు. చందమామ 2013 ప్రాంతంలో ఆగిపోయాక ఇవాళ పిల్లలెవరైనా పాత సంచికలు చదువుతున్నారంటే అట్లా స్కాన్ చేసినోళ్ళ పుణ్యమే. హక్కులున్న వాళ్ళు వెయ్యరు, వేసినోళ్ళని తిట్టాలంటే ఎట్లా?

పక్కనున్న తమిళోళ్ళని చూస్తే మాత్రం కుళ్ళుగా ఉంటది. శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలయ్యాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి, పాఠకులు ముందే డబ్బు కట్టి పుస్తకం కోసం ఎదురుచూస్తారు. మన దగ్గర డబ్బు లేకనా? జనవరి మొదట్లో బెజవాడ పుస్తక మహోత్సవానికి వచ్చే జనాన్ని చూడండి, 1989 నుంచి జరుగుతోంది, స్వరాజ్ మైదానంలో ఉన్నప్పుడూ చోటు మారాక కూడా ఇసకేస్తే రాలదు. తేడా అలవాటులో ఉంది. మన ఇళ్ళల్లో బొమ్మల పుస్తకం అంటే పదో తరగతితో అయిపోవాల్సిన జబ్బు, ఆ తర్వాత చదివితే పెళ్ళిచూపుల్లో చెప్పుకోకూడదు. యాభై దాటాక మళ్ళీ మొదలుపెడితే దానికి నాస్టాల్జియా అని గౌరవమైన పేరు పెట్టి, చదవకుండా ప్లాస్టిక్ కవర్లో దాస్తాం. మధ్యలో పాతికేళ్ళు కొనే వాళ్ళే లేకపోతే వేసేవాడు ఎవడి కోసం వేస్తాడు?

నా దగ్గరున్నవి ఇప్పుడు తాళం లేని చెక్క బీరువాలో ఉంటాయి, మంచం కింద పెట్టడం మానేశా, కింది రెండు అరలూ ఖాళీనే. దసరా సెలవులకి గుంటూరు నుంచి వచ్చిన మా అన్నయ్య మనవరాలు ఆ గాడిద పుస్తకమే తీసి బోర్లా పడుకుని చదువుతూ వెనకట్ట సగానికి చించింది. అది ఏడుపు మొహం పెట్టేసరికి నేనే కంగారుపడి మైదా ఉడకబెట్టి అంటించా. ఎండాక చూస్తే పాత పేరు కింద పెన్సిల్‌తో దాని పేరు కూడా ఉంది, ఒత్తు మర్చిపోయి.