పోటీ నిబంధన పుట్టించిన కారు

మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 6 కారును ఎదురుగా నిలబడి చూడండి. నంబరు ప్లేటు బంపరు మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఇంజనులోకి వెళ్లే గాలిని చల్లబరిచే లోపలి ఇంటర్‌కూలర్‌కు బయటి గాలి ధారాళంగా అందాలని అలా జరిపారు. పాతికేళ్ల నాటి ఈ జపాన్ కార్ల కోసం సేకరణదారులు ఎందుకు పోటీ పడుతున్నారో ఆ ప్లేటే చెబుతుంది.

ప్రపంచ ర్యాలీ పోటీల్లో గ్రూప్-ఎ విభాగానికి ఒక షరతు ఉండేది. ఏ కారుతో బరిలోకి దిగుతారో మామూలు రోడ్ల మీద నడిపేలా అమ్మే దాని రూపాన్ని కనీసం 2,500 తయారు చేయాలి. అంటే ర్యాలీలో గెలవాలంటే ముందు షోరూములోనే గట్టి కారు ఉండాలి. టర్బో ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి, అల్యూమినియం బానెట్ మామూలు కుటుంబ సెడాన్‌లోకి వచ్చి చేరింది అందుకే. 1997లో వరల్డ్ ర్యాలీ కార్ నిబంధనలు వచ్చి ఆ భారాన్ని తగ్గించినా, మిత్సుబిషి 2001 దాకా పాత బాటనే పట్టుకుంది. మిత్సుబిషి డ్రైవరు టామీ మాకినెన్ 1996 నుంచి 1999 వరకు వరుసగా నాలుగుసార్లు ప్రపంచ విజేతగా నిలిచింది ఈ వరుస కార్లతోనే.

మరో జపాన్ కంపెనీ సుబారు కొత్త బాట పట్టింది. వరుసగా మూడుసార్లు తయారీదారుల టైటిల్ గెలిచిన సందర్భంగా 1998లో ఇంప్రెజా 22బి అనే కారు తెచ్చింది. వెడల్పు ఒళ్లు, నీలి రంగు, బంగారు రంగు చక్రాలు. జపాన్‌కు కేటాయించినవి 400 మాత్రమే. సుబారు ర్యాలీ డ్రైవరు కాలిన్ మెక్‌రేకు చెందిన 22బి ప్రోటోటైప్ (తొలి నమూనా కారు) 2023 వేలంలో 4.8 లక్షల పౌండ్లు పలికింది. అద్భుతమైన కారే, కాదనను. కానీ అది విజయానికి గుర్తుగా కట్టిన కారు. విజయం కోసం కట్టినది ఎవల్యూషన్. మార్కెట్ మొదటిదానికి ఎక్కువ చెల్లిస్తోంది. నా ఓటు రెండోదానికే.

అందులోనూ ఆర్‌ఎస్ రకానికి. ర్యాలీ బృందాలు ఎలాగూ పీకి పారేసే సామానును కంపెనీయే ముందుగా వదిలేసిన కారు ఇది. అద్దాలు చేత్తో తిప్పి దించుకోవాలి. శబ్దాన్ని అడ్డుకునే పొరలు తక్కువ కాబట్టి, చక్రాల కింద నుంచి ఎగిరిన కంకర నేలరేకుకు తగిలిన చప్పుడు సీట్లో కూర్చున్నవారికి నేరుగా వినిపిస్తుంది. విలాసమేమీ లేని ఈ కారులో ప్రతి లోటుకూ ఒక కారణం ఉంది. సేకరణకు అంతకన్నా అర్హత ఏం కావాలి?

చిక్కల్లా అసలు రూపంలో మిగిలినవి తక్కువ కావడమే. కొన్నవారు వీటిని దాచుకోలేదు, తోలారు. టర్బోలు మార్చారు, పోటీలకు తీసుకెళ్లారు. నా దృష్టిలో అది దోషం కాదు. గ్యారేజీలో దుప్పటి కప్పుకుని ధర పెరిగే కారు కంటే, పనికి వాడి శ్రద్ధగా బాగు చేయించిన కారే మేలు.

మన దగ్గర హిందుస్థాన్ మోటార్స్ తిరువళ్లూరు ప్లాంటులో చేసిన లాన్సర్‌ను చూసినవారికి ఈ ఎవల్యూషన్ ఆకారం కొత్త కాదు. అయితే మూడేళ్లు దాటిన వాడిన కారును దేశంలోకి తెచ్చుకోవడానికి మన దిగుమతి నిబంధనలు ఒప్పుకోవు. అమెరికాలో 25 ఏళ్లు నిండిన కార్లకు అక్కడి భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది, 1999 నాటి ఎవల్యూషన్ 6 ఆ గీత దాటేసింది. అక్కడ కొనాలనుకునే తెలుగువారు మీటరులో తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోవద్దు. ముందు కారు అడుగు భాగం ఫోటోలు, వెనుక చక్రాల పైవంపుల లోపల తుప్పు ఉందో లేదో తెలిపే ఫోటోలు, సర్వీసు కాగితాలు అడగండి.