పాము చిన్నదే, కర్రే మరీ పెద్దదైంది

నా దగ్గర రెండు చైన్‌సాలు, అంటే చెట్లు కోసే గొలుసు రంపాలు, ఉన్నాయని తెలిసినప్పటి నుంచి అందరూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "చిన్నది కొనమంటారా, పెద్దది కొనమంటారా?" రెండున్నాయి కాబట్టి వీడికేదో తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. అసలు సంగతి వేరు. సరిగ్గా ఎంచుకోవడం తెలిసినవాడి దగ్గర ఒక్కటే ఉంటుంది. రెండున్నాయంటే మొదటిసారి తప్పు కొన్నాడని అర్థం. ఇంతవరకూ ఆ ముక్క ఎవరికీ చెప్పకుండా పెద్దమనిషిలా సలహాలిస్తూ వచ్చాను. ఈ వారంలో ముగ్గురు అడిగారు. ఇక నా వల్ల కాదు. ఇక్కడ రాసి పడేస్తున్నాను, నాలుగోవాడికి ఈ పోస్టే చూపిస్తాను.

చిన్నది కొనండి. చెట్లు కొట్టడమే మీ వృత్తి కాకపోతే చిన్నదే కొనండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. మిగతాదంతా నా కడుపుమంట.

మా పెరట్లో చెట్టొకటి గాలివానకు పడిపోయింది. మాను అడుగు మందం కూడా లేదు. "గోటితో పోయేదానికి గొడ్డలెందుకు, చిన్న రంపం తెచ్చుకుంటే చాలు" అంది మా ఆవిడ. సరిగ్గా అప్పుడే మా బావమరిది వచ్చాడు. వాడి దగ్గరా ఒక సామెత ఉంది. "పాము చిన్నదైనా పెద్ద కర్రతో కొట్టాలి బావా!" అన్నాడు. మన సామెతలతో వచ్చిన చిక్కే ఇది. ఏ తప్పు చేయబోయినా దాన్ని సమర్థించడానికి ఒకటి ముందే తయారుగా ఉంటుంది.

బావమరిది సామెతే నెగ్గింది. 60 సీసీ ఇంజను, 20 అంగుళాల బార్. బార్ అంటే ఆ పొడవాటి పలక, గొలుసు దాని అంచు వెంట తిరుగుతుంది. కొట్లో దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని అద్దంలో చూసుకున్నాను కూడా. దాచడం దేనికి? అద్దంలో కనిపించినవాడు అడవిని లొంగదీయడానికి బయలుదేరినట్టున్నాడు. వాడికి ఉన్నది ఒక్క పెరడేనని చూసేవాళ్లెవరూ అనుకోరు.

మొదటిరోజు అది అంటుకోలేదు. పెద్ద ఇంజను కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ. తాడు లాగే ముందు ఆ ఒత్తిడిని కాస్త వదిలేయడానికి పైన చిన్న మీట ఉంటుంది, దాన్ని నొక్కాలి. ఈ సంగతి పుస్తకంలో ఉంది. పుస్తకం డబ్బాలో ఉంది. డబ్బా అటక మీద ఉంది. నేను నొక్కకుండానే లాగాను. తాడు ఒక జానెడు వచ్చి, అక్కడి నుంచి నన్నే తన వైపు లాక్కుంది. ఛోక్ వేసి పట్టుదలగా ఇంకో పదిసార్లు లాగేసరికి లోపలికి పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోయింది. పక్కింటాయన ప్రహరీ గోడ మీద మోచేతులు ఆనించి మొదటి నుంచీ చూస్తున్నాడు. ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగించాక, అరగంటకు అంటుకుంది. ఆ మోత విన్నప్పుడు ఒళ్లు పులకరించిన మాట నిజం. మానుకు ఆనించాను. ఎర్రటి తునకలు బూట్ల మీద కుప్పపడుతుండగానే దుంగ తెగి దొర్లింది. పది సెకన్లు పట్టిందేమో. మాను మొత్తం ముక్కలు చేయడానికి పట్టుమని అయిదు నిమిషాలు కాలేదు. బావమరిది ఆ చెట్టును తనే పడగొట్టినంత గర్వంగా నిలబడ్డాడు. తర్వాత ఇద్దరం కొమ్మల వైపు తిరిగాం.

చెట్టు అనగానే మన కళ్ల ముందు మాను మెదులుతుంది. కోసేవాడి చేతులకు మాత్రం చెట్టంటే కొమ్మలే. దుంగను కోసేటప్పుడు రంపం బరువులో చాలా భాగాన్ని దుంగే మోస్తుంది, మీరు దారి చూపిస్తే చాలు. కొమ్మల దగ్గర ఆ సాయం ఉండదు. వంగాలి, లేవాలి, పక్కకు తిప్పాలి, భుజం ఎత్తులో పట్టుకోవాలి, మళ్లీ వంగాలి. బార్, గొలుసు, పెట్రోలు, ఆయిలు అన్నీ కలిపి నా రంపం ఏడెనిమిది కిలోలు తూగుతుంది. వినడానికి పెద్ద బరువేమీ కాదు. ఏడెనిమిది నెలల పిల్లవాడు అంతే ఉంటాడు. అయితే ఆ పిల్లవాణ్ని నడుము వంచి, చేతులు ముందుకు చాచి, గంటసేపు గాలిలో పట్టుకుని చూడండి. వాడు పెట్టే గోల కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

సాయంత్రం మంచినీళ్ల గ్లాసు పట్టుకుంటే నీళ్లలో అలలు లేచాయి. వేళ్లు మొద్దుబారిపోయి చొక్కా గుండీలు తీసుకోవడం చేతకాలేదు. మా ఆవిడే వచ్చి తీసింది. గోరు గురించి గానీ, గొడ్డలి గురించి గానీ పల్లెత్తు మాట అనలేదు. ఒక్కో గుండీనీ నిదానంగా, గోటితో తీసింది.

అసలు ఈ యంత్రం పుట్టింది చిన్నదిగానే. చెట్ల కోసం కూడా పుట్టలేదు. 18వ శతాబ్దం చివర్లో జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు స్కాట్లాండ్ వైద్యులు ఎముక కోయడానికి పళ్లున్న చిన్న గొలుసును చేత్తో లాగి వాడారు. కష్టమైన కాన్పులలో కటి ఎముకల మధ్య కీలును విడదీయడం కూడా దాని పనుల్లో ఒకటి. (ఇది చదివి మీ ముఖం ఎలా మారిందో ఊహించగలను. నాదీ అలాగే మారింది.) చెట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఏనుగైపోయింది. 1926లో ఆండ్రియాస్ స్టీల్ జర్మనీలో తయారుచేసిన కరెంటు రంపం 48 కిలోలు. అటొకరు ఇటొకరు పట్టుకుంటేనే లేచేది. 1929 నాటి పెట్రోలు రంపం కూడా 46 కిలోలు. అక్కడి నుంచి ఒక మనిషి రెండు చేతులతో మోసేంతవరకు దాన్ని దించడానికి ఇంజనీర్లకు దశాబ్దాలు పట్టింది. వాళ్లు అంత చెమటోడ్చి దించిన బరువును మనం కొట్లో ఏరి కోరి మళ్లీ నెత్తికెత్తుకుంటున్నాం.

ఆ ఆండ్రియాస్ స్టీల్ పెట్టిన కంపెనీదే ఎంఎస్ 881 అనే రంపం ఇప్పుడు ఉంది. 121.6 సీసీ. బార్ తగిలించకుండానే 9.9 కిలోలు. చాలా మోటారు సైకిళ్లకు అంత ఇంజను ఉండదు. కౌగిలికి కూడా అందని మహావృక్షాలను కోసేవాళ్ల కోసం చేసింది అది. మా బావమరిది దాని బొమ్మను ఫోనులో దాచుకున్నాడు. అప్పుడప్పుడు తీసి చూసుకుని నిట్టూరుస్తాడు.

మరి చిన్నదంటే ఎంత చిన్నది? 30 నుంచి 40 సీసీ ఇంజను, 12 నుంచి 16 అంగుళాల బార్. కోయబోయే దుంగ మందం కంటే బార్ రెండంగుళాలు ఎక్కువ ఉంటే హాయిగా తెగుతుంది. అంటే 14 అంగుళాల బార్‌కు అడుగు మందం మాను ఒక్క వైపు నుంచే లొంగుతుంది. ఇంకా లావైతే? అటు వైపు వెళ్లి అక్కడి నుంచి కూడా కోయండి. నాలుగడుగులు నడవాలి, అంతే కదా. ఆ నాలుగడుగులు తప్పించుకోవడానికి రోజంతా మూడు కిలోలు అదనంగా మోసినవాణ్ని నేను.

మధ్యేమార్గం వెతికేవాళ్లు కొందరున్నారు. చిన్న ఇంజనుకే పొడవాటి బార్ తగిలిస్తే రెండూ కలిసొస్తాయి కదా అంటారు. తండ్రి చొక్కా తొడుక్కున్న పిల్లవాడు ఆఫీసుకు వెళ్లి సంతకాలు పెట్టలేడు. ఆ పొడవాటి గొలుసును తిప్పడానికే ఇంజను సత్తువంతా అయిపోతుంది, ఆయిలు కొస దాకా సరిగ్గా అందదు, కోత మొదలయ్యేసరికి ఆయాసం వచ్చేస్తుంది.

సీసీలు, అంగుళాల గురించి గంటలకొద్దీ వాదించే పెద్దమనుషులు పదును మాట ఎత్తరు. నా 20 అంగుళాల గొలుసుకు 36 కోత పళ్లున్నాయి. చిన్నదానికి 26. ఒక్కోదాన్నీ గుండ్రటి ఆకురాయితో, ఒకే కోణంలో, లోపలి నుంచి బయటికి మూడు నాలుగు సార్లు రుద్దాలి. పళ్లు సగం ఎడమకు, సగం కుడికి తిరిగి ఉంటాయి. ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ రుద్దితే కోత వంకర పోతుంది. ఇంత చేశాక దుంగ కింద కనబడని రాయికి ఒక్కసారి తగిలించారా, మళ్లీ మొదటి పన్ను దగ్గరికి రండి. పెద్ద గొలుసుకు పదును పెట్టడం ఎలాంటిదో చెప్పనా? ఇరవై ఆరో పన్ను దగ్గర మీలోని మంచివాడు లేచి వెళ్లిపోతాడు. మిగిలిన పది పళ్లను రుద్దేది ఇంకెవడో.

పదునున్న గొలుసు రేకుల్లాంటి తునకలు విసురుతుంది. మొద్దుబారినది పిండిలా పొట్టు రాలుస్తుంది. నేను ఆ పొట్టును చూస్తూ, కోత దగ్గర లేస్తున్న పొగను చూస్తూ, ఆహా ఎంత బలం అనుకున్నాను. అది బలం కాదు, రాపిడి. తర్వాత కొన్న 35 సీసీ రంపం కొత్త గొలుసుతో అదే దుంగను దానికంటే ముందు కోసేసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను కాబట్టే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

ఈ పళ్ల ఆకారం ఎవరిదో తెలిస్తే పెద్ద రంపాల వాళ్ల పొగరు సగం దిగుతుంది. 1946లో అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో జో కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతూ ఒక మొద్దు దగ్గర ఆగిపోయాడు. కొయ్య తొలిచే పురుగు లార్వా ఒకటి, వేలెడంతది, అడ్డంగా నిలువుగా తేడా లేకుండా చెక్కను తినుకుంటూ పోతోంది. ఆనాటి గొలుసుల పళ్లు మామూలు రంపపు పళ్లలాగా గీకేవి, మాటిమాటికీ పదును పోయేది. ఈ పురుగు దవడలు కొడవలిలా వంపు తిరిగి, ఒకసారి ఎడమకు ఒకసారి కుడికి చెక్కుతున్నాయి. ఆయన ఆ దవడలను ఉక్కుతో చేసి గొలుసుకు బిగించి, 1947లో అమ్మకానికి పెట్టాడు. నేటి గొలుసుల్లో అత్యధికం దాని సంతానమే. అంటే ఆ 121 సీసీ బ్రహ్మరాక్షసి కూడా ఇప్పటికీ ఒక పురుగు కట్టుడుపళ్లతోనే నములుతోంది.

ఇంతకీ చిన్నది కొనమన్నాను కదా అని దాన్ని ఆటవస్తువు అనుకోకండి. ఇక్కడ మాత్రం నాకు హాస్యం రాదు. చిన్న రంపం చేసే పెద్ద మోసం ఏమిటంటే, ఒంటిచేత్తో పట్టుకోవచ్చు అనిపించడం. దాని గొలుసు కూడా సెకనుకు ఇంచుమించు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది, అంటే గంటకు 70 కిలోమీటర్ల పైమాటే. బార్ కొసలో పై భాగం దేనికైనా తగిలితే రంపం ఎదురు తన్ని ముఖం మీదికి లేస్తుంది. నాకు ఒకసారి లేచింది, చిన్నదానితోనే. కోస్తున్న కొమ్మ వెనక చిటికెన వేలంత రెమ్మ ఉంది, నేను చూడలేదు. ముందు పిడి దగ్గరున్న కవచం నా ఎడమ మణికట్టుకు తగలడం, టక్కుమని బ్రేకు పడి గొలుసు ఆగిపోవడం జరిగాక గానీ ఏం జరిగిందో తెలియలేదు. ఆ తర్వాత చాలాసేపు దుంగ మీద కూర్చుండిపోయాను. అప్పటి నుంచి రెండు చేతులూ పిడుల మీదే, ఎడమ బొటనవేలు పిడి చుట్టూ. హెల్మెట్, చెవులకు మూతలు, ఆ బరువైన ప్యాంటు కూడా. గొలుసు తగిలితే ఆ ప్యాంటులోని పొడవాటి పోగులు బయటికొచ్చి, గొలుసును తిప్పే చక్రానికి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. "ఇంత చిన్నదానికి ఇంత వేషమా బావా?" అని నవ్వాడు మా వాడు. నవ్వనీ. ఇంకో మాట, పిడి నెత్తి మీద ఉండే బుల్లి రంపాలు ముద్దుగా కనిపిస్తాయి గానీ, అవి తాళ్లతో చెట్టెక్కి కోయడంలో శిక్షణ పొందినవాళ్ల కోసం. నేల మీద నిలబడేవాళ్లు వాటి జోలికి పోవద్దు.

బ్యాటరీవి ఎలా ఉంటాయని కూడా అడుగుతున్నారు. కొమ్మలకు బాగానే ఉంటాయి. తాడు లాగే పని లేదు, పక్కింటాయనకు కాలక్షేపమూ లేదు.

పెద్దదానికి అన్యాయం చేయకూడదు కాబట్టి ఇదీ చెబుతాను. నిరుడు తెలిసినవాళ్ల స్థలంలో రెండున్నర అడుగుల మందం మాను పడిపోయింది. చేవ పట్టిన కొయ్య. దాన్ని నా చిన్న రంపం, పిల్లి ఎద్దును చూసినట్టు చూసింది. ఆ రోజు మాత్రం పెద్దదే దిక్కు, దాని పని అది మహారాజులా చేసింది. అయితే అంతకుముందు రెండు రోజులు దాని కార్బురేటరు విప్పి కడగడంతో సరిపోయింది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోస్తాం కదా, ఆ మిశ్రమం నెలల తరబడి వాడకుండా వదిలేస్తే లోపల జిగురు పడుతుంది. చిన్నది వారానికోసారి తిరుగుతూ ఉంటుంది, దానికి ఆ రోగం రాలేదు. ఏడాదికొక్కసారి ఎదురయ్యే అలాంటి మాను కోసం పెద్దదాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు. ఆ మాను ఇంకా నిలబడే ఉంటే, రంపం కాదు, పని తెలిసిన మనిషినే పిలిపించుకోండి.

నా పెద్దదాన్ని ఆర్నెల్ల కిందట మా బావమరిది పట్టుకెళ్లాడు. సంతోషంగా ఇచ్చాను, తిరిగి ఇమ్మని అడగలేదు. నిన్న రాత్రి ఫోను చేశాడు. కుశలప్రశ్నలు మామూలు కంటే ఎక్కువసేపు సాగాయి. వాతావరణం గురించి కూడా మాట్లాడాడు. చివరికి గొంతు తగ్గించి, "బావా, వాకిట్లో కొమ్మలు కొట్టాలి, ఆ చిన్నది ఓ రెండు రోజులు ఇస్తావా?" అన్నాడు.

పాము ఎంత ఉందని అడిగాను.