వంటసోడా గారికి ఒక మంచు లేఖ

పటమట, విజయవాడ.
మే నెల, మిట్టమధ్యాహ్నం.

మహారాజశ్రీ వంటసోడా గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ ఎండ క్షేమం, మేమే అంతంతమాత్రం. తలుపులు మూసుకుని, ఫ్యాన్ ఆపుకుని, చెమటలు కక్కుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ ఎండల్లో ఫ్యాన్ ఎందుకు ఆపావంటారా? నా బొమ్మల యుద్ధం బోర్డు మీద మంచుగా పరుచుకున్న తమరి కోసమే. అది తిరిగితే తమరు లేచిపోతారు.

పోయిన వేసవిలో కిరాణా కొట్లో మిమ్మల్ని అరకేజీ అడిగితే కొట్టతను "క్యాటరింగా అండీ?" అన్నాడు. కాదండీ, ఫిన్లండ్‌కి అన్నాను. చిల్లర ఇచ్చేటప్పుడు నావైపు జాలిగా చూశాడు.

నా పిచ్చి మీకు తెలియంది కాదు. 28 మిల్లీమీటర్ల బొమ్మ సైనికుల్ని టేబుల్ మీద నిలబెట్టి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలేసి యుద్ధం చేయడం. ప్రష్యా సైన్యం 1824లోనే తన అధికారులకు ఇలాంటి ఆట నేర్పించిందని అమ్మకి చెప్పి చూశాను. "వాళ్ళకి జీతాలొచ్చేవిరా" అంది. అక్కడితో చరిత్ర పాఠం ముగిసింది.

నేను ఎంచుకున్నది 1939 నాటి శీతాకాలపు యుద్ధం. నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీదికి వచ్చింది. 1940 జనవరి మొదట్లో రాతే రోడ్డు మీద వాళ్ళ 44వ డివిజన్ చిక్కుకుపోయింది. అటూ ఇటూ అడవి, మధ్యలో ఒకటే దారి, దాని పొడవునా ట్యాంకులూ లారీలూ బారులు తీరి నిలబడ్డాయి. ఫిన్లండ్ వాళ్ళు తెల్ల ముసుగులేసుకుని, స్కీల మీద జారుకుంటూ వచ్చి ఆ బారుని ముక్కలు ముక్కలుగా కోసేశారు. అలా చుట్టుముట్టిన ముక్కని వాళ్ళు 'మొత్తి' అంటారు. నరికి పేర్చిన కట్టెల కొలతకి వాళ్ళ భాషలో ఉన్న పేరే అది. మన 'మొత్తడం'తో చుట్టరికం లేదు గానీ, జరిగిన పని మాత్రం అదే.

మరి ఆ అడవి కావాలి కదా. ఫ్రిజ్ ప్యాకింగ్‌లో వచ్చిన థర్మోకోల్ దాచి, బ్లేడుతో చెక్కి గుట్టలు చేశాను. రంగు తొందరగా అయిపోతుందని స్ప్రే డబ్బా కొట్టాను. ఆ డబ్బాలోని ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుందని అప్పటికి తెలియదు. కళ్ళ ముందే గుట్ట కరిగి గొయ్యి అయింది. దానికి చెరువని పేరు పెట్టాను. పైన్ చెట్లకి కొబ్బరి పీచు. రెండు బైండింగు వైర్ల మధ్య పీచు పరిచి, వైరు కొసని డ్రిల్లు మిషనుకి బిగించి తిప్పితే సీసాలు కడిగే బ్రష్షులా వస్తుంది. కత్తెరతో పైకి సన్నగా, కిందికి వెడల్పుగా కోసి ముదురాకుపచ్చ పూస్తే చెట్టు. డెబ్బై చెట్లు చేశాను. ఇంటినిండా పీచే. "సంక్రాంతి వెళ్ళి నాలుగు నెలలైంది, ఇప్పుడు బొమ్మల కొలువేంట్రా?" అంది అమ్మ.

ఆ తర్వాతే తమరి రంగప్రవేశం. తెల్ల రంగు, తెల్ల జిగురు, మీరు. మజ్జిగపులుసు జారులో కలిపి, మంచు నీడల్లో నీలం కనిపించాలని ఒక్క చుక్క నీలిమందు వేసి, నేలంతా పూశాను. చెట్లకి మాత్రం కొమ్మల మీద జిగురు రాసి, టీ వడగట్టులో మిమ్మల్ని పోసి పైనుంచి జల్లించాను. మంచు ఆకాశం నుంచి పడుతుంది కదా, కొమ్మల కిందికి ఎలా చేరుతుంది? మంచు ముఖం ఎన్నడూ చూడని బెజవాడవాడికి ఇంత ఇంగితం ఉంది. తమరికే లేకపోయింది.

ఎందుకంటే ఏడాది తిరక్కుండా పసుప్పచ్చగా మారిపోయారు. జిగురుతో కలిస్తే మీరింతేనని పాతకాపులు ముందే హెచ్చరించారు, నేనే వినలేదు. దానికి తోడు కృష్ణ ఒడ్డు తేమకి అక్కడక్కడ ఉండకట్టారు. పునుగుల్లో వేస్తే గాలి పుట్టించి పొంగించే మహానుభావులు, నా అడవిలో మాత్రం కుంగిపోయారు. నిన్న అమ్మ డబ్బాలో మిగిలిన మీ సోదరుల కోసం వెతికింది. నా దగ్గరున్నారని తెలిసి సోడా లేకుండానే పునుగులు వేసింది. గోళీలు! ఒకటి సోవియట్ శిబిరంలో ఫిరంగి గుండుగా పెట్టాను.

ఆదివారం గుంటూరు నుంచి బావ ఆడటానికి వచ్చాడు. "ఫ్యాన్ వెయ్యకపోతే నా సైన్యం కాదు, నేనే లొంగిపోతా బావా" అన్నాడు. చివరికి ఒప్పందం కుదిరింది. ఫ్యాన్ తిరిగే వంతులో మంచు తుపాను, ఆరంగుళాలకి మించి ఎవరూ ఎవరినీ చూడకూడదు. ఇక వాడు రెగ్యులేటర్ దగ్గర నుంచి కదల్లేదు. తుపాను చాటున లారీలన్నీ సరిహద్దు దాటించేసుకున్నాడు. తమరు ఎగిరి నా కాఫీలో పడ్డారు.

ముగ్గుపిండికి కబురు పంపాను. బియ్యప్పిండి కాదు, చీమలొస్తాయి, రాతిముగ్గు. వాకిట్లో ఎంత ఎండకి ఎండినా అది పచ్చబడటం నేను చూడలేదు.

అలాగని మిమ్మల్ని ఉద్యోగంలోంచి తీసెయ్యడం లేదు. ఇంకాస్త పచ్చబడండి. చెట్లు పీకేసి, చెరువు పూడ్చేసి, ఈ బోర్డు మీదే 1971 డిసెంబరు నాటి భారత్-పాక్ పోరు లోంగేవాలా ఆడతాం. అది రాజస్థాన్ ఎడారి. అక్కడ మీ రంగు సరిగ్గా సరిపోతుంది, ఫ్యాన్ వేసినా ఇసుక తుపాను అంటాం.

ఇట్లు,
చెమటతో తడిసిన,
మీ ఫిన్లండ్ సేనాని